ర్యాప్ ఆల్బమ్ అట్టను చదవడం ఎలా? ఒక ఫ్లెక్సీ డిజైనర్ పద్ధతి

కడపలో ఏడు రోడ్ల కూడలికి నాలుగడుగుల దూరంలో మా డీటీపీ షాపు. పెళ్ళి పత్రికలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, అంగళ్ళ బోర్డులు మా పని. మొన్న ఫైన్ ఆర్ట్స్ చదివే కుర్రాడొకడు వచ్చి, "అన్నా, ఒక ర్యాప్ ఆల్బమ్ డిజైన్ గురించి విశ్లేషణ రాయమన్నారు. పాటలైతే నోటికొచ్చు. అట్ట గురించి ఏం రాయాల్నో తెలీడంల్యా" అన్నాడు. రాసుకొచ్చిన రెండు పేజీలు చదివాను. "ఈ కవర్ చాలా పవర్‌ఫుల్‌గా ఉంది, వీధి జీవితాన్ని ప్రతిబింబిస్తోంది" అని మొదలైంది. ఆ వాక్యాన్ని లోకంలో ఏ ర్యాప్ ఆల్బమ్‌కైనా అతికించవచ్చు. అంటే తన ముందున్న అట్టను వాడింకా చూడలేదన్నమాట.

ఆ సాయంత్రం షాపులో కూర్చోబెట్టి వాడికి చెప్పిన పద్ధతే ఇది. నేను కళా విమర్శకుణ్ణి కాదు. కాకపోతే ఇరవై ఏళ్ళుగా జనాల ముఖాలు కత్తిరించి, పేర్లు పెద్దవి చిన్నవి చేసి బతుకుతున్నవాణ్ణి. వాడు ఎంచుకున్నది న్యూయార్క్ ర్యాపర్ నాస్ ఆల్బమ్ 'ఇల్‌మాటిక్', కాబట్టి ఇక్కడా దాన్నే ఎక్కువగా పట్టుకుంటాను.

1. మీ చేతిలో ఉన్నది ఏ ప్రతి?

'ఇల్‌మాటిక్' 1994 ఏప్రిల్ 19న కొలంబియా కంపెనీ నుంచి వచ్చింది. ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు), సీడీ, క్యాసెట్ మూడూ ఉన్నాయి. తర్వాత చాలా ముద్రణలు వచ్చాయి. వీటిలో దేని గురించి రాస్తున్నారో మొదటి పేరాలోనే తేల్చండి, ఎందుకంటే సైజు మారితే డిజైనే మారుతుంది. ఎల్పీ అట్ట ఒక్కో వైపు సుమారు 31 సెంటీమీటర్లు. సీడీ బుక్‌లెట్ 12. వైశాల్యంలో చూస్తే దాదాపు ఏడు రెట్ల తేడా. క్యాసెట్‌కు వచ్చేసరికి చతురస్రమే ఉండదు, నిలువు అట్టలో బొమ్మను ఇరికించాలి. ఇక ఫోన్‌లో పాటల లిస్టు పక్కన కనిపించేది బొటనవేలి గోరంత.

ఫోన్‌లో అట్ట చూసి ప్యాకేజింగ్ గురించి రాయడమంటే గుమ్మం ఫోటో చూసి ఇల్లంతా తిరిగొచ్చామని చెప్పడమే. అసలు వస్తువు మన ఊళ్ళో దొరకడం కష్టం, ఒప్పుకుంటాను. అప్పుడు డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో వెతకండి. ఒక్కో ముద్రణకు విడిగా పేజీ ఉంటుంది. ముందు అట్ట, వెనక అట్ట, లోపలి పేజీలు, డిస్కు ఫోటోలు జనం పెట్టి ఉంటారు. వెన్ను (అలమరలో పెడితే కనబడే సన్నటి అంచు) మీద ఉండే కేటలాగ్ నంబరు, వెనకున్న బార్‌కోడ్ సరిపోల్చుకుంటే ఏ దేశపు, ఏ ఏటి ప్రతో తెలిసిపోతుంది.

2. పది నిమిషాలు, విశేషణాల్లేకుండా

పాట పెట్టకండి. ఇంటర్వ్యూలు చదవకండి. ఒక కాగితం తీసుకుని కంటికి కనబడింది మాత్రమే రాయండి. "అద్భుతమైన", "గంభీరమైన" లాంటి మాటలు నిషేధం. కుర్రాడి చేత రాయించింది ఇది:

"పిల్లవాడి ముఖం. అట్టలో ఎక్కువ భాగం అదే. చూపు నేరుగా మన వైపు. నవ్వు లేదు. రంగు మట్టి రంగుకు దగ్గరగా. ముఖం వెనక వీధి. కాదు, ముఖంలోంచే వీధి కనబడుతోంది."

ఆ "కాదు" దగ్గర ఆపాను. వాడికి పది నిమిషాల్లో దొరికిన అసలు సరుకు అదే. మేము ఫ్లెక్సీ వేసేటప్పుడు ముఖాన్ని చుట్టూ కత్తిరించి, వెనక గుడో కొండో కారో పెడతాం. ముఖం ఒక లేయర్, వెనకది ఇంకో లేయర్. ఎవరూ ఎవరినీ ముట్టుకోరు. ఇక్కడ అట్లా కత్తిరించలేదు. రెండు ఫోటోలనూ ఒకదానిలోంచి ఒకటి కనబడేలా కలిపారు. వాడి బుగ్గ ఎక్కడ ముగిసిందో, భవనం ఎక్కడ మొదలైందో గీత గీయలేం.

తెలిసిన వివరాలు ఇప్పుడు దీనికి జోడించండి. ఆ పిల్లవాడు నాసే. విదేశీ యాత్ర నుంచి తండ్రి తిరిగొచ్చాక తీసిన ఫోటో, అప్పటికి అతనికి ఏడేళ్ళు. వెనక ఉన్నది అతను పెరిగిన క్వీన్స్‌బ్రిడ్జ్, న్యూయార్క్‌లో ప్రభుత్వం కట్టించిన ఇళ్ళ సముదాయం. ఆ వీధిని ఫోటో తీసినవాడు డానీ క్లించ్, కలిపి డిజైన్ చేసినది ఎయిమీ మకాలీ. ఆల్బమ్ వచ్చేనాటికి నాస్ వయసు 20. పాడేది ఇరవై ఏళ్ళవాడు, అట్ట మీద ఉన్నది ఏడేళ్ళవాడు. మధ్యలో ఉన్న పదమూడేళ్ళను ఆ వీధి చేత చెప్పించారు. "వీధి జీవితాన్ని ప్రతిబింబిస్తోంది" అన్న మాటకూ దీనికీ ఎంత దూరమో చూడండి.

3. ఎవరి తల ఎంత?

రాయలసీమలో పెరిగినవాళ్ళకు ఈ విద్య పుట్టుకతో వస్తుంది. ఫ్లెక్సీలో నాయకుడి బొమ్మ నిలువెత్తు. పైన మూలన పెద్దాయన. కింద వరుసగా గుండ్రటి పాస్‌పోర్టు ఫోటోలు. ఆ గుండ్రాల సైజు మీద మాకొచ్చే ఫోన్లు ఇన్నీ అన్నీ కావు. "వానికంటే నాది చిన్నగా పెట్టినావేందిప్పా?" అని ఒకాయన రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. కొలిస్తే తేడా అర అంగుళం లేదు. కానీ ఆయనకు కనబడింది!

ఆ కంటితోనే ఆల్బమ్ అట్టను చూడండి. స్కేలు పెట్టి కొలవండి, సిగ్గుపడక్కర్లేదు. ర్యాపర్ కెండ్రిక్ లమార్ 2015లో తెచ్చిన 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' తీసుకోండి. నలుపు తెలుపు ఫోటో. వైట్ హౌస్ ముందు నల్లజాతి మగవాళ్ళు, పిల్లల గుంపు. చేతుల్లో నోట్ల కట్టలు, సీసాలు. కింద ఒక తెల్ల జడ్జి పడి ఉన్నాడు, కళ్ళ మీద ఇంటూ గుర్తులు. ఇక ఆల్బమ్ ఎవరిదో ఆ మనిషిని వెతకండి. గుంపులోనే ఉన్నాడు, చేతుల్లో పసిబిడ్డతో. తల సైజు మిగతావాళ్ళ తలలంతే. మా భాషలో చెప్పాలంటే, నాయకుడు ఫ్లెక్సీలోంచి దిగొచ్చి కార్యకర్తల వరుసలో నిలబడ్డాడు. వెనకనున్న వైట్ హౌస్ ఫోటో స్టూడియో తెరలాగా మిగిలింది. ఈ అట్ట గురించి ఎన్ని పేజీలు రాసినా ఈ కొలత లేకపోతే లాభం లేదు.

దీనికి పూర్తి ఎదురు కొసన హ్యూస్టన్ నగరంలోని పెన్ అండ్ పిక్సెల్ ఉంది. ఆరన్, షాన్ బ్రాక్ అనే అన్నదమ్ములు 1992లో పెట్టిన డిజైన్ సంస్థ. క్యాష్ మనీ, నో లిమిట్ లాంటి దక్షిణాది ర్యాప్ కంపెనీలకు వందల అట్టలు చేశారు. వజ్రాలు పొదిగిన అక్షరాలు, బంగారు గొలుసులు, కార్లు, మేడలు, మెరుపులు, అన్నీ ఫోటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి. మొదటిసారి చూసినప్పుడు నవ్వాగలేదు. అమెరికావాడు మా షాపుకొచ్చి నేర్చుకుని పోయినాడా అనిపించింది! మైదుకూరు పక్క పల్లె కుర్రాడు పుట్టినరోజుకు బుర్జ్ ఖలీఫా ముందు నిలబెట్టమంటాడు, చేతికి వాచీ పెద్దది చేయమంటాడు. అచ్చం అదే.

ఇక్కడే చదువుకున్నవాళ్ళు తప్పటడుగు వేస్తారు. "అభిరుచి లేని డిజైన్" అని ఒక్క మాటతో కొట్టేస్తారు. అలా కాకుండా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ అట్టను కొనేవాడు మొదట ఎక్కడ చూస్తాడు? అట్ట చేయించుకున్నవాడు అప్పటికి ఎంత పేరున్న మనిషి? పెద్ద కంపెనీ అండ, పత్రికల్లో పేరు లేని గాయకుడికి అంగడి అరలో వంద సీడీల మధ్య అట్టే నోరు. అది గట్టిగానే అరవాలి. నాస్ అట్టను, హ్యూస్టన్ అట్టను ఒకే త్రాసులో పెట్టి మార్కులు వేస్తే మీరు డిజైన్ చదవడం లేదు, మీ ఇష్టాయిష్టాలు చెబుతున్నారు.

4. అక్షరాలు మార్చి చూడండి

దీనికి మంచి కిటుకు ఒకటుంది. అట్ట మీది పేరును ఫోటోషాప్‌లో చెరిపేసి, వేరే మూడు ఫాంట్లలో అదే పేరు వేసి చూడండి. ఏం పోయిందో రాసుకోండి. మన దగ్గరా అంతే. ఒకే పేరును 'అను' ఫాంట్లలో (తెలుగు డీటీపీ ఫాంట్లు) పెళ్ళి పత్రిక అక్షరాల్లో వేస్తే ఒక మనిషి, గోడ మీద బ్రష్షుతో రాసినట్టు వేస్తే ఇంకో మనిషి.

పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందం లోగో దీనికి బాగా పనికొస్తుంది. సైన్యం పెట్టెల మీద రేకు పెట్టి రంగు పూసినట్టుండే అక్షరాలు, పక్కన తుపాకీ గురిలో ఒక మనిషి నీడ. వేసింది ఆ బృందం నాయకుడు చక్ డీయే. అడెల్ఫీ విశ్వవిద్యాలయంలో గ్రాఫిక్ డిజైన్ చదివినవాడు. ఆ నీడలోని టోపీ చూసి చాలామంది అది పోలీసు అనుకున్నారు. నిజానికి అది ర్యాపర్ ఎల్ఎల్ కూల్ జే వెంట ఉండే ఈ లవ్ అనే అతని రూపం. పోలీసు అనుకుంటే "మేము పోలీసుకు గురిపెట్టాం" అన్న అర్థం వస్తుంది. తమ మనిషే అనుకుంటే "మాకే గురిపెట్టారు" అని వస్తుంది. ఒక టోపీ దగ్గర మొత్తం అర్థం తిరగబడింది. అందుకే ఊహను ఊహగానే రాయండి, తేలాక మాత్రమే వాస్తవంగా రాయండి.

5. రంగు, ముద్రణ

ప్రొద్దుటూరులో నగల పనిచేసే మా బావమరిది దగ్గర భూతద్దం ఒకటి తెచ్చుకున్నాను. కంటికి ఆనించి చూసేది, పది రెట్లు పెద్దగా చూపిస్తుంది. అచ్చయిన ఏ అట్ట మీదైనా పెట్టండి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు పూల గుత్తుల్లా కనబడతాయి. నాలుగు రంగుల ముద్రణ అంటే అదే. ఎక్కడైనా చుక్కల్లేకుండా నిండుగా పూసినట్టుండి, అది ఆ నాలుగింటిలో ఒకటి కాకపోతే, విడిగా కలిపి వేసిన ఐదో రంగు కావచ్చు. దానికి అదనపు డబ్బు పెట్టారంటే డిజైనర్‌కు ఆ రంగు ముఖ్యం. అక్కడ ఆగి ఎందుకని అడగండి.

సన్నటి నల్ల అక్షరాల మీద కూడా పెట్టి చూడండి. అంచులు కోసినట్టు నునుపుగా ఉంటే అసలు ప్రతి కావచ్చు. అక్షరమే రంగుల చుక్కలతో చెదిరినట్టుంటే ఎవరో స్కాన్ చేసి మళ్ళీ అచ్చేసిన నకలు అయ్యుండొచ్చు. నకలు చూసి "రంగులు మసకగా ఉంచడం కళాకారుడి ఉద్దేశం" అని రాసినవాళ్ళున్నారు, నవ్వులపాలవుతారు.

ఫోటో తీసేటప్పుడు ట్యూబ్‌లైట్ కింద వద్దు. మా ఇంట్లో వంటగట్టుకు వేసిన కడప బండ ముక్క ఒకటి మిగిలితే, పాలిష్ లేని వైపు పైకి పెట్టి, కిటికీ వెలుతురులో దాని మీద అట్టను ఉంచి తీస్తాను. తళుకు కొట్టదు, బండ రంగు అట్టకు అంటదు.

అన్ని రంగులూ అచ్చులోనే ఉండవు. ర్యాపర్ రేక్వాన్ 1995 ఆల్బమ్ 'ఓన్లీ బిల్ట్ ఫర్ క్యూబన్ లింక్స్' క్యాసెట్ ప్లాస్టిక్కే ఊదా రంగులో వచ్చింది. మత్తు సరుకు అమ్మేవాళ్ళు తమ పొట్లానికి గుర్తు పెట్టినట్టు తన సరుకూ వేరుగా తెలియాలన్నది అతని ఆలోచన. పాటల్లోని కథలు కూడా ఆ లోకానివే. జనం ఆల్బమ్ పేరు వదిలేసి "పర్పుల్ టేప్" అనడం మొదలుపెట్టారు. అట్ట ముందువైపు మాత్రమే చూసి రాసేవాడికి ఈ సంగతి ఎప్పటికీ దొరకదు.

6. విప్పి చూడండి

చెయ్యి ఏ వరుసలో తాకుతుందో ఆ వరుసలోనే నోట్సు రాయండి: పైన ప్లాస్టిక్ పొర, దాని మీది స్టిక్కర్, వెన్ను, మూత, బుక్‌లెట్, డిస్కు మీది బొమ్మ, డిస్కు తీశాక కింద కనబడేది, చివరగా వెనక అట్ట. ప్రతిచోటా ఏ సమాచారం ముందు ఇచ్చారు, ఏది దాచి ఆలస్యంగా ఇచ్చారు అని చూడండి.

వెన్నును చిన్నచూపు చూడకండి. ఒకసారి ఊళ్ళో భజన బృందం సీడీకి ఇన్‌లే (పెట్టెలో పెట్టే కార్డు) నేనే వేశాను. వెనక కార్డు రెండు అంచులూ మడిచి వెన్నులవుతాయి, ఒక్కోటి ఆరున్నర మిల్లీమీటర్లే. మడత గీత చూసుకోక పేరును రెండు మిల్లీమీటర్లు పక్కకు వేశాను. ఐదు వందల కాపీలు, అన్నింటి మీదా గురువుగారి పేరు మడతలో సగానికి విరిగింది. ఆ రోజు నుంచి ఏ సీడీ చూసినా ముందు వెన్నే చూస్తాను. అలమరలో పెట్టాక జీవితాంతం కనబడేది ఆ గీతే కదా.

'ఇల్‌మాటిక్' క్యాసెట్ తిప్పండి. 'ఏ' వైపు, 'బీ' వైపు అని ఉండదు. "ఫార్టీయత్ సైడ్ నార్త్", "ఫార్టీఫస్ట్ సైడ్ సౌత్" అని ఉంటుంది. క్వీన్స్‌బ్రిడ్జ్ దగ్గరున్న 40వ, 41వ అవెన్యూల పేర్లవి. అంటే క్యాసెట్ తిప్పిన ప్రతిసారీ వినేవాడు ఆ పేటలో ఒక కొస నుంచి ఇంకో కొసకు నడుస్తున్నాడు. అట్ట మీద ముఖంలో కలిసిన వీధి, ప్లాస్టిక్ మీదికీ వచ్చింది. మన కుర్రాడికి ఇది చెప్పగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

బుక్‌లెట్‌లో చిన్న అక్షరాలు చదవడానికి ఓపిక కావాలి. వృత్తంలో పీ అక్షరం ధ్వనిముద్రణ హక్కుకు, వృత్తంలో సీ అక్షరం అట్ట, బొమ్మలు, రాతల హక్కుకు. పాత పాటల ముక్కలు వాడుకున్నందుకు ఇచ్చే అనుమతుల జాబితా ఎంత పొడవుందో కూడా చూడండి. 1991 డిసెంబరులో ర్యాపర్ బిజ్ మార్కీ మీద వచ్చిన కోర్టు తీర్పు తర్వాత అనుమతి లేకుండా ముక్క వాడటం ప్రమాదమైంది. ఆయన తర్వాతి ఆల్బమ్ పేరే 'ఆల్ శాంపుల్స్ క్లియర్డ్!', అంటే ముక్కలన్నిటికీ అనుమతి ఉందని. నాస్ ఆల్బమ్‌లో కార్నెట్ (ఒక రకం బూర) వాయించినవారి పేరు చూస్తే ఓలు దారా అని ఉంటుంది. నాస్ తండ్రి. అట్ట మీది బాల్యం ఫోటోకు కారణమైన మనిషి, లోపల వాద్యంతో మళ్ళీ వచ్చాడు.

ప్యాకేజింగ్ లేకపోవడమూ ఒక ప్యాకేజింగే. కాన్యే వెస్ట్ 2013లో 'ఈజస్' తెచ్చినప్పుడు అట్టా లేదు, బుక్‌లెట్టూ లేదు. పారదర్శకమైన పెట్టె, లోపల డిస్కు, అంచుకు ఎర్ర పట్టీ. "ఏమీ లేదు" అని రాసి వదిలేయకండి. ఏవేవి ఉండాల్సిన చోట ఏవేవి లేవో జాబితా వేయండి.

నలుపు తెలుపు "పేరెంటల్ అడ్వైజరీ" (తల్లిదండ్రులకు హెచ్చరిక) ముద్ర సంగతి క్లుప్తంగా. 1985లో అమెరికాలో ఒక తల్లిదండ్రుల సంఘం ఒత్తిడితో హెచ్చరికలు మొదలయ్యాయి. 1990లో ఒకే నమూనా ముద్ర వచ్చింది. మన సినిమాలకు 'ఏ' సర్టిఫికెట్ లాంటిదే అనుకోవచ్చు, కానీ ర్యాప్‌లో అది క్రమంగా అలంకారమైపోయింది. చూడాల్సింది ఒక్కటే: స్టిక్కర్‌గా పైన అంటించారా, బొమ్మలోనే అచ్చేశారా? అచ్చేస్తే డిజైనర్ దానికి చోటు వదిలిపెట్టాడన్నమాట.

7. ఇప్పుడు పాట పెట్టండి

'ఇల్‌మాటిక్' పది ట్రాకులు, సుమారు 40 నిమిషాలు. అట్టను ఎదురుగా పెట్టుకుని వినండి. ఈ బొమ్మ ఒక్క పాటకే అతుకుతుందా, మొత్తానికా? అట్ట ఇచ్చిన మాటను పాటలు ఎక్కడ తప్పాయి? తప్పిన చోట్లే రాయడానికి బాగుంటాయి. పసి ముఖం చూసి మెత్తటి జ్ఞాపకాలు వస్తాయనుకుంటాం. లోపల జైలుకు రాసే ఉత్తరాలు, తుపాకులు. ఆ తేడాను చెప్పడానికి కనీసం రెండు పాటల్లోని సందర్భాలు చూపించండి.

తర్వాతి ఆల్బమ్ కూడా పక్కన పెట్టండి. 1996లో వచ్చిన 'ఇట్ వాజ్ రిటెన్' అట్ట మీద అదే ఏర్పాటు, వీధిలో కలిసిన ముఖమే. కానీ ఈసారి పెద్దవాడి ముఖం. రెండూ పక్కపక్కన పెడితే ఒంటరిగా చూసినప్పుడు లేని కథ వస్తుంది.

8. చేసినవాళ్ళ మాట చివర్లో

ఇంటర్వ్యూలు ఇప్పుడు చదవండి. ముందే చదివితే కళ్ళు వాళ్ళు చెప్పిందే చూస్తాయి. వూ-ట్యాంగ్ క్లాన్ అనే ర్యాప్ బృందం 1993 ఆల్బమ్ మీద ముసుగులు వేసుకున్న మనుషులుంటారు. ముఖం లేని మఠం, రహస్య సంఘం అని ఎంతైనా రాయొచ్చు. ఫోటో తీసిన డానియల్ హేస్టింగ్స్ చెప్పిందేమంటే, ఆ రోజు బృందంలో కొందరు రాలేదు, అందుకని ముసుగులు వేశారు. మరి మన అర్థం తప్పా? కాదు. ఎందుకు వేశారన్నది ఒక ప్రశ్న, వేశాక ఎలా పనిచేస్తోందన్నది ఇంకో ప్రశ్న. రెంటినీ రెండు పేరాల్లో రాయండి, కలపకండి.

9. రాయడం

ప్రతి పేరాలో ఒక కొలతో, ఒక చోటో, ఒక వివరమో ముందు. దాని నుంచి మీ మాట తర్వాత. వివరం లేని మాట వస్తే కొట్టేయండి. అన్ని భాగాలకూ సమానంగా చోటు పంచక్కర్లేదు. 'ఇల్‌మాటిక్' విషయంలో అక్షరాలకు మూడు లైన్లు చాలు, వీధికి రెండు పేజీలు కావాలి.

కుర్రాడు వారం తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి మొదటి వాక్యం: "ఈ అట్ట మీద ఏడేళ్ళ పిల్లవాడి ముఖానికి అంచులు లేవు." బాగుందిరా అన్నాను. మూడో వాక్యంలో మాత్రం "పవర్‌ఫుల్" అలాగే ఉంది. పెన్ను తీసుకుని గీత కొట్టి, ప్రింటుకు పంపాను.